‘సదరు పేకముక్క’: స్టేజి మ్యాజిక్‌కి ఒక ఒప్పంద పత్రం రాద్దాం (చర్చ; ప్రతి మాట పైనా ఉన్నది మాట్లాడినవారి మారుపేరు)

పత్రలేఖరి

ఎనిమిది నిమిషాల స్టేజి ఐటం ఒకటి కడుతున్నాను. ప్రేక్షకుల్లోంచి ఒకరు పైకి వస్తారు. మెజీషియన్ దస్తావేజు భాషలో ఒక పత్రం చదువుతాడు. అందులోని ప్రతి షరతూ అక్కడికక్కడే ఒక ట్రిక్‌గా నెరవేరుతుంది. చివర పత్రాన్ని చింపి మళ్లీ ఒకటిగా చూపిస్తాడు. ముసాయిదా ఇదీ:

*ఒప్పంద పత్రం. మొదటి పార్టీ: ఇంద్రజాలికుడు. రెండవ పార్టీ: కుర్చీలోంచి లేచి వచ్చినవారు.*

*1. సదరు పేకలో 52 ముక్కలు కలవని మొదటి పార్టీ చెప్పగా రెండవ పార్టీ విని ఊరుకోవడమైనది.*

*2. రెండవ పార్టీ ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మనఃపూర్వకంగా, స్వస్థచిత్తంతో సదరు పేకను తమకు నచ్చినచోట కోయుటకు సమ్మతించడమైనది.*

*3. అట్లు కోసినచోట వచ్చిన ముక్కను ఇకమీదట ‘సదరు ముక్క’ అని పేర్కొనబడును. అది ఎట్లు వచ్చినదని రెండవ పార్టీ గానీ, వారి వారసులు గానీ, పక్క కుర్చీలోని బంధువులు గానీ ఎన్నడూ ఎట్టి తగాదా చేయరాదు.*

*4. రెండవ పార్టీ తమ ఉంగరమును మొదటి పార్టీ స్వాధీనంలో ఉంచవలెను. సదరు ఉంగరము కనిపించని కాలమునకు అద్దె చెల్లించబడదు.*

*5. ఈ పత్రము చిరిగినచో రద్దు. తిరిగి అతికినచో రద్దు రద్దు.*

సదరు ముక్క ఏదో పత్రం వెనకవైపు షెడ్యూలులో ముందే అచ్చయి ఉంటుంది. చదివేటప్పుడు మెజీషియన్ ముఖంలో నవ్వు కనపడకూడదు. రిజిస్ట్రారు ఎదుట చదివినంత శ్రద్ధగా చదవాలి. షరతు ఒక్కటి 12 సెకన్లు దాటకూడదు. వాక్యంలో నవ్వు పుట్టించే మాట చివరికే రావాలి, దాని తర్వాత ఇంకో మాట ఉంటే నవ్వు అక్కడే తెగిపోతుంది. ఒక్కో షరతుకు సరిపోయే పద్ధతి, ఎక్కడ చెడిపోతుందో చెప్పగలరు.

మూడో కప్పు

రెండు, మూడు షరతులకు క్రాస్ కట్ ఫోర్స్ చాలండి. ఫోర్స్ అంటే మనకు కావలసిన ముక్కనే వాళ్లు ఎంచుకున్నట్టు చేయడం. ప్రతి ప్రారంభ పుస్తకంలోనూ ఉండేదే. చాలామంది దీన్ని తొందరపడి పాడుచేస్తారు. మీ పత్రం ఆ తొందరకు మందు.

కావలసిన ముక్క, ఆఠీను రాణి అనుకుందాం, పేక పైన ఉంటుంది. పేకను బల్ల మీద పెట్టి, కొన్ని ముక్కలు ఎత్తి పక్కన పెట్టమంటారు. కింద మిగిలిన భాగాన్ని మీరు తీసుకుని, వాళ్లు పెట్టిన కట్ట మీద అడ్డంగా, కూడిక గుర్తులా పెడతారు. ‘కోసిన చోటు గుర్తుండాలి కదా’ అన్న ఒక్క మాట చాలు. నిజానికి ఇప్పుడు కింది కట్టలో పైముక్క ఆఠీను రాణి, అంటే మొదట్లో పేక మొత్తానికి పైన ఉన్నదే. తర్వాత పై కట్టను ఎత్తి ‘మీరు కోసింది ఇక్కడ’ అని కింది కట్ట పైముక్క ఇస్తారు.

కట్ట అడ్డంగా పెట్టగానే ఎత్తితే ఏ కట్ట ఎక్కడిదో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది. మధ్యలో పది, పదిహేను సెకన్లు వాళ్ల దృష్టి పేక మీద నుంచి తప్పాలి. మామూలుగా ఇక్కడ మెజీషియన్లు ఏదో ఒక పనికిరాని ప్రశ్న వేస్తారు, దాంతో అనుమానం వస్తుంది. మీకైతే మూడో షరతు ఉంది! కట్ట అడ్డంగా పెట్టి, పత్రం చేతిలోకి తీసుకుని, రెండవ పార్టీ కళ్లలోకి చూస్తూ ‘వారసులు గానీ, పక్క కుర్చీలోని బంధువులు గానీ’ దాకా చదవండి. హాలు నవ్వుతుంది, వాళ్లు పక్క కుర్చీ వైపు తిరుగుతారు. ఆ తర్వాతే పేక దగ్గరికి రండి. ఈ ఫోర్స్‌కి ఇంతకంటే సహజమైన ఆలస్యం దొరకదు.

వాళ్లు మరీ నాలుగైదు ముక్కలే ఎత్తితే కట్టల లావులో తేడా తెలిసిపోతుంది. అందుకే ‘సగం దరిదాపుల్లో’ అన్న మాట రెండో షరతులోనే రాసేయండి, చదివినట్టే ఉంటుంది, సూచన ఇచ్చినట్టు ఉండదు.

వెల్వెట్ బల్ల

షెడ్యూలు వెనకవైపు అచ్చు వేయడంలో చిక్కు ఉంది. ఐదో షరతులో చింపి అతికించేది ఆ కాగితాన్నే కదా. మామూలు పద్ధతిలో రెండో కాగితం మడతపెట్టి మొదటిదాని వెనక అంటించి ఉంటుంది. వెనకవైపు తిప్పి చూపిస్తే ఆట అక్కడే ముగుస్తుంది. షెడ్యూలు వేరే కవరులో, మొదటి నుంచీ అందరికీ కనపడేలా స్టాండుకి తగిలించి ఉండాలి. ‘ఈ పత్రమునకు జతపరచిన కవరు’ అని మొదటి పేరాలోనే పేర్కొనండి.

పత్రలేఖరి

నిజమే. షెడ్యూలు కవరులోకి మారింది. రెండవ పార్టీ స్వయంగా విప్పి చదివేలా రాశాను:

*షెడ్యూలు. ఆఠీను రాణి, ఒకటి. హద్దులు: పైన, రెండవ పార్టీ వారి కోత. కింద, మిగిలిన పేక. కుడిఎడమల, ఖాళీ. ఈ నాలుగు హద్దుల నడుమ గల రాణి, ఆమె చేతి పువ్వుతో సహా.*

ఉభయపక్షం

నేను న్యాయభాష వైపు నుంచి చూస్తున్నాను. పత్రం చదువుతుంటే నిజం పత్రంలా వినపడాలి, లేకపోతే నవ్వు పుట్టదు. అందుకు మూడు మార్పులు.

మొదటిది నిర్వచనాలు. ‘సదరు ముక్క’ ఒక్కటే నిర్వచిస్తే చాలదు. డబుల్ లిఫ్ట్‌ను, అంటే రెండు ముక్కలను ఒకటిలా ఎత్తి చూపడాన్ని, గుర్తుచేస్తూ ఇలా రాయండి: *‘ముక్క’ అనగా ఒక ముక్క గానీ, ఒకటిగా కనిపించే రెండు గానీ.* మెజీషియన్లకు లోపలి నవ్వు, ప్రేక్షకులకు పైనవ్వు. అయితే ఇది నిజంగా డబుల్ లిఫ్ట్ చేయబోయే ఐటంలో చదవకూడదు, రహస్యం చెప్పేసినట్టే. ఆ పద్ధతి వాడని చోట మాత్రమే.

రెండోది, ఒకటో షరతు. పేకలో 52 ముక్కలు ఉన్నాయని చెప్పడం వాస్తవాన్ని గురించిన ప్రకటన. స్వెంగాలీ పేక వాడితే ఉన్నవి 26 వేర్వేరు ముక్కలు, 26 ఒకేరకం పొట్టి ముక్కలు. లెక్క 52 సరిపోతుంది, మాట అబద్ధం కాదు. ‘52 వేర్వేరు ముక్కలు’ అని రాస్తేనే అబద్ధమవుతుంది. మంచి మెజీషియన్ మాటలు ఎప్పుడూ ఇంత జాగ్రత్తగానే ఉంటాయి. అబద్ధం చెప్పనక్కర్లేకుండా నమ్మించే వాక్యం దొరికితే చేతుల మీద భారం సగం తగ్గుతుంది, ఎందుకంటే చెప్పేవాడి గొంతు తడబడదు.

మూడోది అసలు సంగతి. ఒప్పంద భాషకు అచ్చంగా సరిపోయే ట్రిక్ ఈక్వివోక్, అంటే మెజీషియన్స్ ఛాయిస్. రెండవ పార్టీకి ఎంచుకునే హక్కు పూర్తిగా ఉంటుంది. ఎంపికకు అర్థం చెప్పే హక్కు మాత్రం మొదటి పార్టీ దగ్గర ఉంటుంది. అసలు కోర్టుల్లో దీనికి తలకిందులు సూత్రం ఉంది. పత్రంలో ఒక మాటకు రెండర్థాలు వచ్చి, ఇంకే విధంగానూ తేలకపోతే, రాసినవాడికి వ్యతిరేకమైన అర్థాన్నే తీసుకుంటారు. స్టేజి మీద రాసినవాడే గెలుస్తాడు. ఈ షరతు చేర్చండి:

*రెండవ పార్టీ ఏ వస్తువును తాకినను, తాకకున్నను, అది వారి స్వేచ్ఛా నిర్ణయమేనని ఉభయులూ అంగీకరించడమైనది.*

కొత్త చేయి

మూడు వస్తువులతో ఈక్వివోక్ చేసేటప్పుడు ఏ మాట ఎప్పుడు అనాలో వరసగా చెప్పగలరా అండీ? ‘ఎంచుకోండి’ అనగానే ఇరుక్కుపోయినట్టుంటుంది.

మూడో కప్పు

ఆ మాటే అనకూడదు. బల్ల మీద గంట, కొవ్వొత్తి, తాళం ఉన్నాయి, మీకు కావలసింది తాళం. ‘రెండు చేతులతో రెండు వస్తువులు తీయండి’ అనండి. తీసినవి ఏం చేస్తారో ముందు చెప్పొద్దు.

తీసిన రెండూ గంట, కొవ్వొత్తి అయితే: ‘అవి పక్కన పెట్టేయండి. మిగిలింది తాళం.’ అయిపోయింది.

తీసిన వాటిలో తాళం ఉంటే: బల్ల మీద మిగిలినదాన్ని మీరే పక్కకు జరిపి, ‘ఇప్పుడు ఒకటి నా చేతికివ్వండి’ అనండి. తాళం ఇస్తే ‘మీరు నాకు అప్పగించింది ఇది’ అంటూ ఎత్తి చూపండి. రెండోది ఇస్తే దాన్ని పక్కన పెట్టి ‘మీ దగ్గర ఉంచుకున్నది ఇది’ అనండి.

మొత్తం ఇంతే. చెడిపోయేది మాటల్లో కాదు, ఆగడంలో. వాళ్లు చేయి చాపిన తర్వాత మీరు అర సెకను ఆలోచిస్తే హాలంతటికీ తెలిసిపోతుంది. మూడు దారుల్లోనూ తర్వాతి వాక్యం ఒకే స్థాయి గొంతుతో, చేయి కదలిక ఆగకముందే రావాలి. అద్దం ముందు తాళం దారి ఒక్కటే సాధన చేసేవాళ్లు అసలు స్టేజి మీద వేరే దారి వస్తే తడబడతారు. మూడు దారులూ సమానంగా సాధన చేయాలి. నాలుగు వస్తువులు దాటితే వాడొద్దు, వడపోత రెండుసార్లు మించితే పద్ధతి బయటపడుతుంది. అదే మనిషికి ఇంకోసారి చేయొద్దు. పత్రంలో *‘సదరు ప్రయోగము పునరావృతము కోరు హక్కు రెండవ పార్టీకి లేదు’* అని ఒక షరతు పెట్టుకుంటే ఆ కోరికను నవ్వుతోనే ఆపేయవచ్చు.

రింగుల చప్పుడు

లింకింగ్ రింగులకు, అంటే ఒకదానిలో ఒకటి కలుస్తూ విడిపోతూ కనిపించే లోహపు రింగుల ఆటకు, ఆస్తి షెడ్యూలు ఇలా ఉండాలి:

*జంగమాస్తి వివరం: లోహపు రింగులు 8. అందులో విడివి 2, జంటగా కలిసి ఉన్నవి 2, ముగ్గురు అన్నదమ్ముల వలె కలిసి ఉన్నవి 3, తాళపుది 1. వెరసి 8. సదరు 8 రింగులలో 7 తనిఖీకి అర్హము. మిగిలిన ఒకటి మొదటి పార్టీ వారి వ్యక్తిగత అనుభవంలో ఉండును.*

ఎనిమిది రింగుల సెట్టు కూర్పు నిజంగా ఇదే. తాళపు రింగు అంటే ఒకచోట ఖాళీ ఉన్నది. స్టేజి మీద జంటల సంగతీ, తాళపు రింగు సంగతీ చదవరు, ‘8 విడి రింగులు’గా లెక్కపెట్టినట్టు కనపడాలి. చేతిలో అన్నీ కలిపి పట్టుకుని ఒక్కొక్కటి కింది చేతిలోకి జార్చుతూ లెక్కిస్తే కలిసి ఉన్నవీ విడివిగానే వినపడతాయి. ప్రతి రింగుకూ ఒక టంగుమనే చప్పుడు రావాలి. చప్పుడు తప్పితే కన్ను అనుమానిస్తుంది.

తనిఖీ షరతు దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. ముందు విడివి రెండూ ఇవ్వాలి, తర్వాత మూడింటి గొలుసు. తాళపు రింగు ఖాళీ ఎప్పుడూ బొటనవేలు, చూపుడువేలు మధ్య ఉండాలి. రింగును తిప్పేటప్పుడు ఖాళీ వేళ్ల కింద నుంచి జారి పైకి వస్తే, పక్క లైటు వెలుగు ఆ చివర మీద పడి మెరుస్తుంది. చేతిని తిప్పకుండా రింగును మాత్రమే తిప్పినప్పుడు ఇలా జరుగుతుంది.

పత్రలేఖరి

రింగులకే నాలుగు నిమిషాలు పడుతుంది, ఈ ఎనిమిది నిమిషాల్లో ఇమడదు. వేరే ఐటంకి ఆ షెడ్యూలు దాచిపెడతాను, ‘ముగ్గురు అన్నదమ్ములు’ చాలా బాగుంది. ఉంగరం షరతుకి బల్ల ఎలా ఉండాలో చెప్పండి.

వెల్వెట్ బల్ల

బ్లాక్ ఆర్ట్ బల్లకు, అంటే నల్ల వెల్వెట్‌లో కనపడని గొయ్యి ఉన్న బల్లకు, హద్దులు రాయడం కంటే సులువైన పని లేదు, ఆ బల్ల బతికేదే హద్దుల మీద:

*స్థిరాస్తి: నల్ల వెల్వెట్ పరచిన బల్ల. తూర్పు: బంగారు రంగు పట్టీ. పడమర: అదే పట్టీ. ఉత్తరం: మొదటి పార్టీ పొట్ట. దక్షిణం: ప్రేక్షకులు. సదరు బల్లలో గొయ్యి లేదని మొదటి పార్టీ ఎక్కడా చెప్పలేదు.*

చివరి వాక్యం రిహార్సల్ కాపీలో మాత్రమే! గొయ్యి కనపడకుండా చేసేది ఆ పట్టీలే. వెల్వెట్ మీద గీతలు గళ్లుగా వేస్తే, గొయ్యి అంచులు ఆ గీతల్లో కలిసిపోతాయి. గీతలు లేకపోతే నలుపులో నలుపు కూడా తేడాగా తెలుస్తుంది.

కుట్టించేటప్పుడు వెల్వెట్ నూగు దిక్కు చూసుకోండి. పైన పరచిన బట్ట నూగూ, గొయ్యి లోపలి గోడల నూగూ ఒకే వైపు, ప్రేక్షకుల వైపు వాలి ఉండాలి. చేత్తో నిమిరితే ఒక వైపు నున్నగా, రెండో వైపు గరుకుగా ఉంటుంది కదా. దిక్కు మారిన చోట వెల్వెట్ బూడిద రంగు కొట్టి, గొయ్యి నోరు మచ్చలా కనపడుతుంది. చౌకగా చేసిన బల్లల్లో పట్టుబడేది ఎక్కువగా ఇక్కడే. లైటు ముందు నుంచి, కాస్త పై నుంచి పడాలి. నేరుగా నెత్తి మీద నుంచి పడితే గొయ్యి అడుగున ఉన్న వస్తువు మెరుస్తుంది. ప్రతి షోకి ముందు జిగురు రోలరుతో దుమ్ము తీయాలి, ఒక్క తెల్ల నూలుపోగు గొయ్యి అంచు మీద పడితే కన్ను అక్కడికే పోతుంది.

గొయ్యి అడుగున మెత్తటి స్పాంజి వేయండి, లేకపోతే ఉంగరం పడిన చప్పుడు మైకులో వస్తుంది.

ఉభయపక్షం

ఉంగరం షరతు ఇంకాస్త గట్టిగా ఉండాలి. డబ్బు అప్పు తీసుకుంటే అదే విలువైన వేరే నోటు తిరిగిచ్చినా చెల్లుతుంది. ఉంగరం అలా కాదు. తాత్కాలికంగా అప్పగించిన వస్తువు, అంటే బెయిల్‌మెంట్. అదే వస్తువు, అదే స్థితిలో తిరిగి రావాలి. అందుకే:

*సదరు ఉంగరమే, అట్టిది మరొకటి కాక, గీత గానీ సొట్ట గానీ లేకుండా రెండవ పార్టీ వేలికి చేరవలెను. చేరినదని రెండవ పార్టీ బిగ్గరగా చెప్పుటయే రసీదు.*

ఈ ‘బిగ్గరగా చెప్పుట’ ట్రిక్‌కి ప్రాణం. వెనక వరసలకు ఉంగరం కనపడదు, యజమాని గొంతు వినపడుతుంది.

కొత్త చేయి

ఉంగరం మాయమవడానికి సులువైన, నమ్మకమైన పద్ధతి ఏది? తిరిగి ఎక్కడ దొరికితే బాగుంటుంది?

మూడో కప్పు

మాయానికి పాత పద్ధతే మేలు. చేతిరుమాలు మూలన అంచు మడతలో ఒక సాదా ఉంగరం కుట్టి ఉంచుతారు. అప్పు తీసుకున్న ఉంగరాన్ని రుమాలు కిందికి తీసుకెళ్లి, అక్కడ కుట్టిన ఉంగరాన్ని బట్ట మీదుగా రెండవ పార్టీ చేతికి పట్టిస్తారు. అసలుది మీ వేళ్ల మడతలో ఉండిపోతుంది. రుమాలు కొస లాగితే ఉంగరం ‘మాయం’.

రాయి ఉన్న ఉంగరం అప్పుగా తీసుకుంటే చెడుతుంది. బట్ట మీదుగా పట్టుకున్న వేలికి రాయి తగలదు, యజమాని వెంటనే పసిగడుతుంది. కాబట్టి షరతులోనే *‘రాళ్లు లేని సాదా ఉంగరము’* అని పెట్టండి. పెద్ద రాళ్ల ఉంగరం పాడైతే జవాబు చెప్పాల్సిన బాధ కూడా తప్పుతుంది. కుట్టు దారం రుమాలు రంగులోనే ఉండాలి, ఆ మూలను వేలి సందులో గుర్తుపట్టడానికి చిన్న ముడి వేసుకోండి.

దొరకడానికి ఊలు ఉండ. లోపల చదునైన రేకు గొట్టం పెట్టి చుట్టూ ఊలు చుడతారు, గొట్టం ఒక కొస బయటికి ఉంటుంది. గొట్టం ఉంగరం కంటే నాలుగైదు మిల్లీమీటర్లు వెడల్పు ఉండాలి, పెద్ద సైజు ఉంగరం వస్తే ఇరుక్కోకూడదు. ఉండ జేబులో ఉంటుంది. చేయి జేబులోకి వెళ్లి ఉంగరాన్ని గొట్టంలోకి వదిలి, గొట్టాన్ని తిన్నగా లాగేసి, ఉండను రెండుసార్లు నొక్కి బయటికి తెస్తారు. నొక్కకపోతే గొట్టం ఉన్నచోట చీలిక కనపడుతుంది. మరీ బిగించి చుడితే గొట్టం రాదు, ఊలు వెంట వచ్చేస్తుంది. ఉండను గాజు గ్లాసులో వేసి కొస రెండవ పార్టీకి ఇవ్వండి. లాగుతుంటే ఉండ గ్లాసులో గిరగిరా తిరుగుతుంది, ఆఖరున ఉంగరం గ్లాసులో టింగుమంటుంది. ఊలు ఎక్కువ చుట్టొద్దు, అర నిమిషంలో విడిపోవాలి. ఆ అర నిమిషం మీరు ఏమీ మాట్లాడొద్దు.

గొయ్యి ఇక్కడ అవసరం లేదనుకోకండి. జేబులోకి చేయి వెళ్లడానికి కారణం కావాలి. రుమాలును బల్ల మీదికి విసిరి, గ్లాసు ముందుకు జరిపి, అప్పుడు జేబు. ఆ లోపు ఉంగరం అసలు చేతిలోంచి జారేట్టుంటే గొయ్యిలోకి వదిలి ఊపిరి తీసుకోవచ్చు.

తెర వెనక మనిషి

స్టేజి మేనేజ్‌మెంట్ వైపు నుంచి గట్టిగా చెప్పవలసినవి.

ఈ పత్రం నవ్వుల పత్రం. నిజంగా రక్షణ ఇచ్చే పత్రం వేరు. *‘కాలు జారినచో మొదటి పార్టీకి బాధ్యత లేదు’* లాంటి షరతు నవ్వుకోసమైనా చదవొద్దు. స్టేజి మెట్ల అంచులకు తెల్ల టేపు, పైకి వచ్చేవారికి చేయందించే మనిషి, మెట్ల మీద ఇంట్లో దీపమంత వెలుగు, ఇవి ఉంటే ఆ షరతు అవసరమే రాదు. డేవిడ్ కాపర్‌ఫీల్డ్ షోలో 2013లో ప్రేక్షకులు పాల్గొనే మాయం ట్రిక్‌లో ఒక సందర్శకుడు పడిపోయానని కేసు వేశారు. విచారణలో ఆ ట్రిక్ జరిగే దారి మొత్తం కోర్టులో వివరించవలసి వచ్చింది. 2018లో జ్యూరీ మెజీషియన్ వైపు నిర్లక్ష్యం ఉందంటూనే పరిహారం కట్టనక్కర్లేదని తేల్చింది. డబ్బు పోలేదు గానీ రహస్యం పోయింది.

పరికరాల నిర్వహణకు తప్పకుండా ఒక షరతు ఉండాలి, అది అసిస్టెంటుతో రాసుకునే నిజమైన పత్రంలో. చుంగ్ లింగ్ సూ, అసలు పేరు విలియం రాబిన్సన్, 1918 మార్చి 23న లండన్ వుడ్ గ్రీన్ ఎంపైర్‌లో బుల్లెట్ పట్టుకునే ట్రిక్‌లో తూటా తగిలి మర్నాడు చనిపోయాడు. ఆ తుపాకీలో పైగొట్టంలో తూటా అలాగే ఉండిపోయి, కింది గొట్టంలోని మందు మాత్రమే పేలేలా ఏర్పాటు. వాడి వాడి అరిగిన మరలో సందు ఏర్పడి మంట పైగొట్టానికి పాకింది. పద్ధతిలో లోపం లేదు, అరుగుదలను ఎవరూ తనిఖీ చేయలేదు. పెట్టె ట్రిక్‌లైనా అంతే. ప్రతి షోకి ముందు గడియలు, కీళ్లు, లోపలి నుంచి తెరిచే పిడి అసిస్టెంటు స్వయంగా రెండుసార్లు తెరిచి మూయాలి, మెజీషియన్ కాదు. లోపల ఇరుక్కునేది అసిస్టెంటు. ‘ఆపండి’ అనడానికి ఒక మాట, తట్టడానికి ఒక లెక్క ముందే ఖాయం చేసుకోవాలి, అవి స్క్రిప్టులో ఇంకెక్కడా రాకూడదు.

ఇక అధికార పరిధి. పత్రంలో ఇలా రాయొచ్చు: *సదరు ప్రయోగము మధ్య వరసల చూపు పరిధికి లోబడి ఉండును.* నవ్వు సరే, పని మాత్రం నిజంగా చేయాలి. హాలుకు ముందుగా వెళ్లి మొదటి వరస రెండు కొసల కుర్చీల్లో, బాల్కనీ ఉంటే దాని ముందు వరసలో మనిషిని కూర్చోబెట్టండి. గొయ్యి కనపడితే బల్లను ముందుకు కాదు, వెనక్కి జరపాలి. బల్ల కాళ్ల చోటును టేపుతో గుర్తు పెట్టాలి.

ఉభయపక్షం

రహస్యం గురించి ఒక షరతు ఎలాగూ ఉండాలి కనుక, చట్టం నిజంగా దేన్ని కాపాడుతుందో చెబుతాను. దాన్నిబట్టే షరతు రాయాలి.

పేటెంటు తీసుకుంటే పద్ధతి అందరికీ తెలిసేలా ప్రకటించాలి. హొరేస్ గోల్డిన్ మనిషిని రంపంతో కోసే ట్రిక్‌కి 1923లో అమెరికా పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఒక సిగరెట్ ప్రకటనలో ఆ రహస్యం బయటపెడితే దావా వేశాడు, 1938లో ఓడిపోయాడు. పేటెంటు పత్రాల్లోనే అది ఎవరైనా చదువుకోవచ్చు మరి. హుడీని వేరే దారి పట్టాడు. తలకిందులుగా నీళ్ల పెట్టెలోంచి తప్పించుకునే ఆటను 1911లో ఇంగ్లండులో ఒక చిన్న నాటకంగా, ఒకే ఒక్క ప్రేక్షకుడి ముందు ప్రదర్శించి, నాటకంగా హక్కు సంపాదించాడు. టెల్లర్ కూడా గులాబీ నీడను కత్తితో కోస్తే అసలు గులాబీ రేకులు రాలే ఆటను మూకాభినయంగా 1983లో కాపీరైట్ రిజిస్టర్ చేయించాడు. దాన్ని అనుకరించి అమ్మజూపిన మెజీషియన్‌పై 2014లో నెవాడా ఫెడరల్ కోర్టు టెల్లర్ వైపు తీర్పిచ్చింది. ట్రిక్ పద్ధతికి కాపీరైట్ రాదు, దాని చుట్టూ అల్లిన నాటకానికి వస్తుంది.

అంటే మీ ఐటంలో క్రాస్ కట్ ఫోర్స్ మీది కాదు, రుమాలు మీది కాదు, ఊలు ఉండ మీది కాదు. పత్రం మీది. ‘పక్క కుర్చీలోని బంధువులు’ మీది. ‘రద్దు రద్దు’ మీది. ముసాయిదా తేదీలతో దాచుకోండి, పూర్తి ప్రదర్శన వీడియో తీసి ఉంచండి. స్టేజి మీద చదివే గోప్యతా షరతు మాత్రం ఇలా చాలు:

*రెండవ పార్టీ ఇచ్చట చూచినది ఎవరికైనను చెప్పవచ్చును. ఎట్లు జరిగినదో తెలిసినచో ముందుగా మొదటి పార్టీకి చెప్పవలెను.*

పత్రలేఖరి

ఇది చేర్చేశాను. ఇక ఐదో షరతు. చిరిగి అతికిన పత్రం ‘అదే’ అని నమ్మించడానికి రెండవ పార్టీ సంతకం కావాలి. సంతకం చేసిన కాగితం చింపితే అతికినదాని మీద సంతకం ఎలా వస్తుంది? మూల మార్పిడి పద్ధతి పనికొస్తుందనుకుంటున్నాను. ఎవరైనా సరిచూడండి.

వెల్వెట్ బల్ల

సరైన దారే, వరస ఇలా పెట్టండి.

ఒకేలా అచ్చైన రెండు కాగితాలు, మొదటిది, రెండోది. రెండోదాని కుడి కింది మూల సుమారు నాలుగు సెంటీమీటర్లు ముందే చింపి, ఆ ముక్క పత్రం పెట్టుకునే అట్ట కింద, చేతికి అందేలా ఉంచండి. మూల చింపిన రెండో కాగితాన్ని మడతలు వేసి చిన్న పొట్లంగా చేసి మొదటి కాగితం వెనక, పై ఎడమ మూలన కొద్దిగా జిగురుతో అంటించండి.

స్టేజి మీద అట్టను పట్టుకున్నప్పుడే దాని కింద ఉన్న ముక్క ఎడమచేతి వేళ్ల మడతలోకి వస్తుంది. అందరూ చూస్తుండగా మొదటి కాగితం మూల చింపి, ‘ఇది మీ వంతు నకలు’ అంటూ ఎడమచేతికి మార్చినట్టు చేసి, అక్కడున్న ముక్కను ముందుకు తోసి వాళ్లకిస్తారు. అసలు మూల మీ కుడిచేతిలో మిగులుతుంది. వెంటనే కుడిచేయి పెన్ను కోసం కోటు జేబులోకి వెళుతుంది, ముక్కను అక్కడ వదిలి పెన్నుతో తిరిగొస్తుంది. సంతకం ఆ తర్వాత, వాళ్లకిచ్చిన ముక్క మీద. ఈ క్రమం తలకిందులైతే అంతా పోతుంది. సంతకం ముందు, మార్పిడి తర్వాత అయితే మార్చడానికి ఏమీ ఉండదు.

ఇక చింపడం. మొదటి కాగితాన్ని నిలువుగా, తర్వాత అడ్డంగా చింపుతూ, ప్రతిసారీ చిరిగిన ముక్కలను పొట్లం ముందువైపే పెట్టుకోవాలి, పొట్లం ఎప్పుడూ మీ వైపు. చివరి ముక్కలన్నీ పొట్లం సైజుకు మడిచి, మొత్తాన్ని బొటనవేలితో తిప్పితే పొట్లం ముందుకు, ముక్కలు వెనక్కి వస్తాయి. ఇప్పుడు మెల్లగా విప్పండి. ముక్కల కట్ట వెనక పై మూలన బొటనవేలి కింద ఉండిపోతుంది. మూల వైపు చూపించి రెండవ పార్టీని ముక్క తెచ్చి ఆనించమనండి. చిరుగు అంచు గీత గీతకీ సరిపోతుంది, ఎందుకంటే ఆ మూల నిజంగా ఆ కాగితానిదే.

కొత్త చేయి

కాగితం ఏది వాడాలి? మామూలు ప్రింటు కాగితంతో మడతలు లావుగా వస్తున్నాయి.

వెల్వెట్ బల్ల

మామూలుది 75, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఉంటుంది, ఆరు మడతలకే పొట్లం ఉబ్బుతుంది. 50 జీఎస్ఎం దరిదాపుల్లో, ఎ3 సైజు తీసుకోండి. మరీ పల్చనైతే వెనక లైటులో పొట్లం నీడ కనపడుతుంది, అందుకే మెజీషియన్ వెనక లైటు ఆపేయించాలి. పీచు దిక్కున చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరపోతుంది. ఒక షీటు మీద రెండు దిక్కులా చింపి చూసుకుని, మొదటి చింపు తిన్నగా వచ్చే వైపే పెట్టుకోండి. జిగురు చుక్క ఆరాక గట్టిపడేది కాకుండా, అంటుకుని మెత్తగానే ఉండేది వాడాలి.

తెర వెనక మనిషి

ఇంకోటి: ఫ్లాష్ పేపరు (క్షణంలో భగ్గున కాలిపోయే కాగితం) మీద పత్రం అచ్చువేసి కాల్చేద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే, వద్దు. రెండవ పార్టీ అడుగు దూరంలో నిలబడి ఉంటుంది, ఊలు, రుమాలు పక్కనే ఉంటాయి.

పత్రలేఖరి

అలాంటిదేమీ లేదు, చింపడమే. సమయం ఇలా పంచాను: మొదటి మూడు షరతులు, పేక, కవరు కలిపి రెండున్నర నిమిషాలు. ఉంగరం మూడు నిమిషాలు. మూల, సంతకం, చింపడం, అతకడం రెండు నిమిషాలు. మిగిలిన అర నిమిషం రెండవ పార్టీ దిగివెళ్లడానికి. ఈక్వివోక్ తీసేశాను, పేక తర్వాత మళ్లీ ఒక ఎంపిక వస్తే రెండూ బలహీనపడతాయి.

రుమాలు, గ్లాసు బల్ల ఎడమవైపు, అట్ట కుడివైపు, కవరు స్టాండుకి. గొట్టం పెట్టిన ఉండ ఎడమ జేబులో, పెన్ను కుడి జేబులో. రెండూ ఒకే జేబులో ఉంటే ముక్కను వదిలేటప్పుడు వేలు గొట్టానికి తగిలి చప్పుడవుతుంది. ఒక్కో షోకి రెండు కాగితాలు, కవరులో కొత్త షెడ్యూలు, అదనంగా ఒక పూర్తి సెట్టు పెట్టెలో.

ఆఖరి షరతు ఇలా మార్చాను:

*5. ఈ పత్రము చిరిగినచో ఒప్పందము రద్దు. తిరిగి అతికినచో యథాతథము. రెండవ పార్టీ తమ వద్దనున్న మూల తెచ్చి సరిచూచుకొని, సరిపోయినదని సభ ఎదుట ఒప్పుకొని, ఉంగరముతో సహా తమ కుర్చీని క్షేమముగా స్వాధీనపరచుకొనవలెను.*

మూడో కప్పు

‘సరిపోయినదని’ దగ్గర ఆగండి, మిగతాది వాళ్లు ముక్క ఆనించి చూసుకున్నాక చదవండి. ఆనించకముందే మొత్తం చదివేస్తే చప్పట్లు మూల మీద పడవు, మీ వాక్యం మీద పడతాయి.